మూడేళ్లు కట్టి, నాలుగో ఏడు మానేసిన పాలసీ

నెల్లూరు

చిరంజీవి మేనకోడలికి మీ పెద్దమామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు బెంగుళూరులో ఉద్యోగం మానేసి, వచ్చే నెల నుంచి ఇక్కడే ఉంటూ ఒక అమెరికా కంపెనీకి, మద్రాసులోని రెండు సంస్థలకు స్వతంత్రంగా సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టబోతున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో బెరుకు ఉంది కానీ నాకు ముందు గర్వమే కలిగింది. 1994లో నేను ట్రంకు రోడ్డులో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని, రైసుమిల్లులకు ఫాక్స్‌ప్రోలో లెక్కల ప్రోగ్రాములు రాసిపెడతానన్న నాడు మన ఇంట్లో గర్వపడినవారు ఒక్కరూ లేరు. అయితే ఆ గర్వం అరగంటే నిలిచింది. బీమా మాట ఎత్తితే నీవు "క్లయింటు అడిగాడు కాబట్టి ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి తీసుకుంటాను" అన్నావని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే తెల్లవారుజామున లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఉద్యోగంతో పాటే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోతుంది గనుక, చివరి పనిదినానికి ముందే దానిని సొంత పాలసీగా మార్చుకునే దరఖాస్తు పెట్టు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ లేదు. వ్యాపార బీమాపై మాత్రం 18 శాతం ఉంది, ధరలు పోల్చేటప్పుడు దానిని కలిపి లెక్కవేయి. చెయ్యి విరిగి కీబోర్డు ముట్టలేని వారాలకు పరిహారం ఇచ్చే ప్రమాద బీమా ఒకటి తీసుకో.

ఇక నీళ్ల సంగతి. మీ అమ్మ కింది అంతస్తులోని ముందు గదిని నీ ఆఫీసుకు ఖాళీ చేయిస్తున్నదట. వద్దు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగి, ఊరు రెండు వైపులా ఆగిపోయిన రోజులు నీవు బెంగుళూరులో కూర్చుని టీవీలో చూశావు, నేను మిద్దె మీద నిలబడి చూశాను. మనకు అసలు వానలు కార్తీకంలోనే కదా. యంత్రాలకు ఎలక్ట్రానిక్ పరికరాల బీమా తీసుకో. అందులో యంత్రంతో పాటు డేటా ఉన్న డిస్కులకూ, యంత్రం పాడైనప్పుడు అద్దె యంత్రాలతో పని నడుపుకోవడానికయ్యే అదనపు ఖర్చుకూ విడివిడి భాగాలు ఉంటాయి. మొత్తాన్ని మాత్రం అదే రకం కొత్త యంత్రానికి ఇవాళ అయ్యే ధర ప్రకారం రాయించు. లక్షన్నర యంత్రాన్ని ప్రీమియం కలిసివస్తుందని డెబ్బై అయిదు వేలకు రాయిస్తే, నష్టం జరిగిన నాడు వారు కూడా సగమే లెక్కగడతారు. నీళ్లంటే నాకున్న భయం కాస్త ఎక్కువేనని మీ అత్త అంటుంది. అది నిజమే, ఎందుకంటే ఆ భయం వల్లనే నేను పదిహేనేళ్లు యంత్రాలకు జాగ్రత్తగా బీమా కడుతూ, అసలు ప్రమాదం కాగితం మీద వస్తుందని చూడలేకపోయాను.

ఇది మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. నేనే చెబుతాను.

2006లో రొయ్యల మేత పంపిణీ చేసే ఒక పెద్ద వ్యాపారి నాకు పని ఇచ్చాడు. జిల్లా అంతటా ఉన్న డీలర్ల ఖాతాలు, బిల్లులు, నగదు రాయితీలు అన్నీ నా ప్రోగ్రాము మీదనే నడవాలి. ఆయన ఆడిటరు పట్టుబట్టడం వల్ల ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ ఒకటి తీసుకున్నాను. మన పనిలో జరిగిన పొరపాటు వల్ల క్లయింటుకు నష్టం వస్తే అది భరించే పాలసీ అది. మూడేళ్లు క్రమం తప్పకుండా కట్టాను. 2009 మార్చిలో ఒప్పందం ముగిసింది, ఆయన వేరే సాఫ్ట్‌వేరుకు మారిపోయాడు. ఏప్రిల్‌లో రెన్యువల్ కాగితం వచ్చినప్పుడు నేను చాలా తెలివిగా ఆలోచించాననుకున్నాను. పని అయిపోయింది, సొమ్ము చేతికి వచ్చింది, ఒకవేళ ఆ మూడేళ్లలో ఏదైనా తప్పు జరిగి ఉన్నా అప్పటి ప్రీమియం అప్పుడే కట్టాను కదా, ఇప్పుడు మళ్లీ 9,800 రూపాయలు ఎందుకు దండగ అనుకున్నాను. ఆ కాగితం వెనకవైపు మీ అత్త చాలారోజులు పాలలెక్క రాసుకుంది.

ఆ డిసెంబరులో రొట్టెల పండుగ వచ్చింది. మీ అత్త స్వర్ణాల చెరువుకు వెళ్లి నా కోసం వ్యాపార రొట్టె పట్టుకువచ్చింది. ఆ మర్నాడే వకీలు నోటీసు వచ్చింది. 2008లో నేను ప్రోగ్రాము సవరించినప్పుడు, నెలాఖరున చెల్లించిన డీలర్లకు నగదు రాయితీ రెండుసార్లు జమ అయ్యేలా ఒక తప్పు దొర్లింది. ఒకసారి బిల్లులోనూ, మరొకసారి ఖాతాలోనూ జమ అయ్యేది. పన్నెండు నెలలు ఎవరూ కనిపెట్టలేదు, డీలర్లు కనిపెట్టినా చెప్పలేదు. ఆయన అడిగినది 7,20,000 రూపాయలు. నేను కంగారుపడలేదు, పాలసీ కాగితాలన్నీ ఫైలులో పెట్టుకుని బీమా కార్యాలయానికి వెళ్లాను. అక్కడి అధికారి మంచివాడే. నన్ను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఒక్క వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి చూపించాడు. తప్పు ఎప్పుడు జరిగిందన్నది చాలదు, పరిహారం కోరుతూ ఎదుటివారు అడిగిన రోజున పాలసీ అమలులో ఉండాలి. తప్పు జరిగిన 2008లో నా పాలసీ ఉంది, అడిగిన డిసెంబరులో లేదు. మూడేళ్లు కట్టిన డబ్బు నాకు ఆ కాఫీ పాటి కూడా చేయలేదు.

బతిమాలి 4,50,000కు రాజీ కుదుర్చుకున్నాను. నా దగ్గర ఉన్నది అందులో సగం కూడా లేదు. మీ అమ్మ ఎవరూ అడగకుండానే తన నాలుగు బంగారు గాజులు రుమాలులో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లింది. ఆ తర్వాతి వేసవిలో నీ ఓణీల వేడుక జరిగింది. ఫోటోలు తీసి చూడు, మీ అమ్మ చేతులకు ఆకుపచ్చ గాజు గాజులే ఉంటాయి. "బంగారం వేసుకుంటే ఉక్కగా ఉంటుంది" అని అందరికీ చెప్పింది. ఆ గాజులు తాకట్టు విడిపించడానికి నాకు మూడేళ్లు పట్టింది.

కాబట్టి తల్లీ, పాలసీ చేతికి రాగానే ప్రీమియం కంటే ముందు రెట్రోయాక్టివ్ తేదీ చూడు. ఆ తేదీకి ముందు చేసిన పనికి రక్షణ ఉండదు. నీవు ఇప్పటికే శని ఆదివారాల్లో మద్రాసు వారికి పని చేసిపెట్టావు గనుక, ఆ తేదీ నీ మొదటి పని నాటికి వెనక్కి వెళుతుందేమో అడుగు, వెళ్లకపోతే వెళ్లదని తెలిసి ఉండు. కంపెనీ మార్చినప్పుడు కొత్తవారు పాత తేదీనే రాయాలి. కొత్త తేదీ వేసి వెయ్యి రూపాయలు తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ ఉండకూడదు, ప్రీమియం ముందుగా అందితే తప్ప పూచీ మొదలు కాకూడదని 1938 నాటి బీమా చట్టమే చెబుతుంది. మన దేశంలో ఒప్పందం తప్పారని దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. అందుచేత ఏదైనా క్లయింటు పని ముగిశాక కూడా కనీసం అన్నాళ్లు పాలసీని బతికించు. ఎప్పుడైనా ఈ వృత్తే మానేస్తే, క్లెయిము తెలియజేసే గడువును పొడిగించే ఏర్పాటు కొనుక్కుని మానేయి.

అమెరికా క్లయింటు పది లక్షల డాలర్ల బీమా ధ్రువపత్రం అడిగాడని విన్నాను, అంటే ఎనిమిది కోట్ల రూపాయల పైమాట. ఆ మొత్తం చూసి బెదిరిపోయి, చవకగా వచ్చే కమర్షియల్ జనరల్ లయబిలిటీ ఒక్కటే తీసుకుని ధ్రువపత్రం పంపేయవద్దు. అది ఎవరికైనా దెబ్బ తగిలితేనో, ఎవరి ఆస్తి అయినా పాడైతేనో పనికి వస్తుంది తప్ప, నీ కోడులోని తప్పుకు పనికిరాదు. నీకు కావలసినది ఇండెమ్నిటీ పాలసీ. క్లయింట్ల డేటా నీ యంత్రంలో ఉంటుంది గనుక దానికి తోడు సైబర్ పాలసీ కూడా ఉండాలి. ముందు క్లయింటుతో మాట్లాడి, నీ బాధ్యత ఇన్ని నెలల ఫీజుకు మించదని ఒప్పందంలో ఒక పరిమితి రాయించే ప్రయత్నం చేయి, అది కుదిరితే అంత పెద్ద పాలసీ అవసరమే ఉండకపోవచ్చు. ఆ తర్వాత పాలసీలో న్యాయపరిధి, అంటే ఏ దేశాల కోర్టుల్లో వేసిన దావాలకు అది పనికి వస్తుందన్నది, ఏమి రాశారో చూడు. "ప్రపంచమంతటా, అమెరికా, కెనడా మినహా" అని చాలా పాలసీల్లో ఉంటుంది. నీకు డబ్బు వచ్చేదీ అక్కడినుంచే, దావా వచ్చేదీ అక్కడినుంచే అయినప్పుడు, ఆ రెండు దేశాలు మినహాయించిన పాలసీ నెల్లూరులో కూర్చున్న నీకు ఎందుకు? వకీళ్ల ఖర్చు పాలసీ మొత్తంలో నుంచే తరుగుతుందా, విడిగా ఇస్తారా అన్నది కూడా అడుగు. అక్కడి వకీళ్లు గంటల లెక్కన తీసుకుంటారు.

బీమా కోసం నింపి ఇచ్చే ప్రతిపాదన పత్రంలో అమెరికా నుంచి వచ్చే ఆదాయం వాటా ఉన్నది ఉన్నట్లు రాయి. పదో తరగతిలో స్కూటీకి పడిన గీత కనబడకుండా గోడవైపు తిప్పి నిలబెట్టిన పిల్లవు నీవు. మీ నాన్నకు ఆ సంగతి ఆ సాయంత్రమే తెలుసు, నవ్వుకుని ఊరుకున్నారు. బీమా కంపెనీ నవ్వుకోదు, క్లెయిము వచ్చిన నాడు ఆ పత్రాన్నే బయటికి తీస్తుంది.

ఇంకొకటి చెప్పడం నాకు కష్టంగా ఉంది. తప్పు చేస్తే వెంటనే ఒప్పుకోవాలని నిన్ను పెంచినవారిలో నేనూ ఒకణ్ణి. కానీ క్లయింటు అసంతృప్తిగా ఒక మెయిలు పంపిన రోజున "పొరపాటు నాదే, నష్టం భరిస్తాను" అని నీవు బదులు రాస్తే, తమ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకున్నావని బీమా వారు చేతులు ఎత్తేయవచ్చు. కోడు సరిచేయి, రాత్రంతా కూర్చుని అయినా సరిచేయి, మర్యాదగా మాట్లాడు. అదే రోజు ఆ మెయిలు జతచేసి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయి. చాలా పాలసీల్లో అలా ముందే తెలియజేసిన విషయంపై తర్వాతి ఏడాది దావా వచ్చినా, అది తెలియజేసిన ఏడాది పాలసీ కిందికే వస్తుంది. ఆ నిబంధన నీ పాలసీలో ఉన్నదో లేదో చూసి మరీ తీసుకో.

ఏజెంటు కంపెనీ మనిషి, బ్రోకరు నీ తరఫు మనిషి. బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉన్న బ్రోకరు చేత మూడు కంపెనీల ధరలు తెప్పించు. సొంత పేరున వ్యాపారం చేసేవారి ఫిర్యాదులను కూడా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ 50 లక్షల వరకు విచారిస్తారు, కంపెనీ నిరాకరించిన ఏడాదిలోపు వెళ్లాలి. నీకు ఆ అవసరం రాకూడదని నా కోరిక.

సంతకాలు ఇంకా చేయలేదని మీ అమ్మ చెప్పింది, సంతోషం. ఆదివారం వచ్చేటప్పుడు అమెరికా ఒప్పందాన్ని, బ్రోకరు పంపిన పాలసీ ముసాయిదాను కాస్త పెద్ద అక్షరాలతో, ఒక్క వైపే ప్రింటు తీసుకుని రా, నా కళ్లు మునుపటిలా లేవు. ఎర్ర పెన్సిలు నా దగ్గర ఉంది. మీ అమ్మను కూడా తీసుకుని రా, కానీ గాజుల మాట నేను రాశానని ఆమెతో అనవద్దు.

ఇట్లు,
మీ పెద్దమామయ్య