నవంబరు నుంచే చూడు: పర్డ్యూలో చదివిన మేనల్లుడికి లేఖ

కాకినాడ,
దీపావళి, 2025

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బెంగళూరులో ఉద్యోగంలో చేరాక నువ్వు రాసిన మొదటి పెద్ద ఉత్తరం అందింది. అందులో ఉద్యోగం గురించి నాలుగు వాక్యాలు, పర్డ్యూ బాస్కెట్‌బాల్ జట్టు గురించి నాలుగు పేరాలు ఉన్నాయి. మీ అమ్మకు అది నచ్చకపోవచ్చు గానీ, 1986 నుంచి 1988 వరకు అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం ఉన్న అదే వెస్ట్ లఫయెట్‌లో చదివి, ఆనాటి నుంచి ఈనాటి వరకు ఆ జట్టును వదలని నాకు మాత్రం అది చాలా సంతోషం కలిగించింది. ఇంత దూరం నుంచి ఒక సీజన్‌ను పూర్తిగా ఎలా అనుసరించాలి అని, మార్చిలో ఓడిపోయినప్పుడు ఆ బాధను ఎలా తట్టుకోవాలి అని రెండు ప్రశ్నలు వేశావు. నా అనుభవంలో ఈ రెండింటికీ సమాధానం ఒకటే: నవంబరు నుంచే చూడు.

పూర్వ విద్యార్థులలో చాలామంది మార్చి నెలలో అమెరికా కళాశాలల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంటు మొదలైనప్పుడే మేల్కొంటారు. అక్కడ 68 జట్లు ఉంటాయి. ఒక్క ఆట ఓడితే ఇంటికి వెళ్లిపోవలసిందే. టైటిల్ కావాలంటే మన వంటి జట్టు వరుసగా ఆరు ఆటలు గెలవాలి. అంతకు ముందు నాలుగు నెలలపాటు జరిగిన ముప్పైకి పైగా ఆటలను చూడని మనిషికి ఆ ఒక్క ఓటమే సీజన్ మొత్తంగా కనిపిస్తుంది. 2023నే తీసుకో. మనం ఆడే విశ్వవిద్యాలయాల కూటమి (కాన్ఫరెన్స్) బిగ్ టెన్‌లో మిగిలిన వారికంటే మూడు ఆటలు ముందు నిలిచి మన జట్టు ఛాంపియన్ అయింది, ఆ వెంటనే కాన్ఫరెన్స్ టోర్నమెంటు కూడా గెలిచింది, మొత్తం 29 విజయాలు సాధించింది. ఆ తరువాత మార్చి 17న కొలంబస్‌లో, కళాశాల ఆటలో పై శ్రేణి అయిన డివిజన్ వన్‌లోని 363 జట్లలో సగటు ఎత్తు అందరికంటే తక్కువగా ఉన్న ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో 63-58 తేడాతో ఓడిపోయింది. పురుషుల టోర్నమెంటులో మొదటి సీడ్ (బలాన్ని బట్టి ముందుగా ఇచ్చే స్థానం) జట్టు 16వ సీడ్ చేతిలో ఓడటం అది రెండోసారి మాత్రమే. మార్చిలో మేల్కొన్నవాడికి ఆ సీజన్‌లో మిగిలింది ఆ అవమానం ఒక్కటే. నాకు మాత్రం జనవరి, ఫిబ్రవరి నెలల తెల్లవారుజాములు కూడా మిగిలాయి. బాధ నాకేమీ తక్కువ కాలేదు, నిజానికి వారం రోజులు నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు; కానీ అది ఐదు నెలల పరిచయం ఉన్న మనుషుల కోసం పడిన బాధ.

ముందుగా వేళల సంగతి తేల్చుకో. అక్కడ రాత్రి 7 గంటలకు మొదలయ్యే ఆట మనకు మరునాడు ఉదయం 5:30కి వస్తుంది, 9 గంటల ఆట 7:30కి వస్తుంది. శనివారం మధ్యాహ్నం 2 గంటల ఆట మాత్రం మనకు అర్ధరాత్రి దాటిన తరువాత 12:30కి పడుతుంది, దానికి ముందుగానే కాసేపు నిద్రపోవాలి. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి కనుక ఆ రోజు నుంచి అన్నీ మనకు ఒక గంట ముందుగానే వస్తాయి. టోర్నమెంటు మొదలవడానికి కాస్త ముందే ఈ మార్పు జరుగుతుంది కనుక దీన్ని మరచిపోకు. నేను చదివిన రోజుల్లో, పర్డ్యూ ఉన్న ఇండియానా రాష్ట్రంలో ఎక్కువ భాగం గడియారాన్ని మార్చేది కాదు, 2006 నుంచే ఆ పద్ధతి వచ్చింది; అందువల్ల నా తరం వారికి ఇది అలవాటు కావడానికి కొంత కాలం పట్టింది. ఉద్యోగం వల్ల ప్రత్యక్షంగా చూడలేని రోజున రేడియో వ్యాఖ్యానం విను, లేదా సాయంత్రం పూర్తి ఆట చూడు. స్కోరు తెలిసిపోయినా సరే పూర్తిగా చూడు. ముఖ్యాంశాల వీడియో ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే అందులో బంతి వలలో పడటమే కనబడుతుంది గానీ అది అక్కడిదాకా ఎలా వచ్చిందో కనబడదు.

ఇక ఎలా చూడాలన్నది నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పదలచుకున్న విషయం. బంతి వెంట కళ్లు పరుగెత్తించే అలవాటు మనందరికీ ఉంటుంది. దాన్ని కొద్దిగా తగ్గించుకుని, బంతి లేని నలుగురు ఏం చేస్తున్నారో చూడటం నేర్చుకో. ప్రతి దాడికీ ఉన్న 30 సెకన్లలో ఎవరు ఎవరికి అడ్డుగా నిలబడి దారి చేస్తున్నారు, ఎదుటి జట్టు ఎవరిని వదిలేసి ఎవరి మీదికి ఇద్దరిని పంపుతున్నది అన్నవి గమనిస్తే ఆట మరోలా తెరుచుకుంటుంది. దీనికి 2024 ఫైనల్ కంటే మంచి పాఠం లేదు. ఆ రాత్రి నువ్వు వెస్ట్ లఫయెట్‌లోనే ఉన్నావు. ఇక్కడ నాకు అది ఏప్రిల్ 9, క్రోధి నామ సంవత్సర ఉగాది ఉదయం 6:50. మీ అత్తయ్య వేపపువ్వు ఏరుతుండగా నేను టీవీ ముందు కూర్చున్నాను. మన ఆటగాడు జాక్ ఈడీ ఆ ఆటలో 37 పాయింట్లు చేశాడు, అయినా ఎదుటి జట్టు యూకాన్ (కనెటికట్ విశ్వవిద్యాలయం) 75-60తో గెలిచింది. చూసినవారిలో చాలామంది ఈడీని ఆపలేకపోయారనే అనుకున్నారు, కానీ అది ఆపలేకపోవడం కాదు. అతడికి ఒక్క మనిషినే అడ్డుపెట్టి, మిగిలిన నలుగురినీ మన త్రీ పాయింట్ షూటర్లకు అంటిపెట్టి ఉంచారు. సీజన్ పొడవునా దూరం నుంచి దేశంలోకెల్లా బాగా వేసిన జట్లలో ఒకటైన మన జట్టు ఆ రాత్రి మొత్తం మీద ఏడు త్రీలు మాత్రమే ప్రయత్నించగలిగింది, అందులో ఒక్కటి పడింది. అంతకు ముందు ఏడాది ఫెయిర్లీ డికిన్సన్ సరిగ్గా దీనికి వ్యతిరేకంగా ఈడీ చుట్టూ గుమిగూడింది. అప్పుడు మన షూటర్లకు 26 త్రీల అవకాశం దొరికితే ఐదే పడ్డాయి. ఈ రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టి మళ్లీ చూడు. కోచ్‌లు రాత్రుళ్లు ఏం ఆలోచిస్తారో నీకు కొంత అర్థమవుతుంది.

ఒక నోటుపుస్తకం పెట్టుకో. నేను ప్రతి ఆటకూ ఒక పేజీ కేటాయించి మూడు అంకెలు రాసుకుంటాను: మనం బంతిని ఎన్నిసార్లు చేజార్చుకున్నాం, మనవాళ్ల బంతి పడనప్పుడు దాన్ని మళ్లీ మనమే ఎన్నిసార్లు అందుకున్నాం, ఎన్ని ఫ్రీ త్రోలు సంపాదించాం. వీటికింద నాకు తోచిన ఒక వాక్యం రాస్తాను. డిసెంబరు పేజీలను ఫిబ్రవరిలో తిరగేస్తే జట్టు ఎటు పోతున్నదో ర్యాంకుల కంటే ముందుగా తెలుస్తుంది.

ర్యాంకుల మాట వచ్చింది కనుక చెబుతాను. ఈ ఏడాది సీజన్‌కు ముందు వెలువడిన అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ (ఏపీ) జాబితాలో మన జట్టుకు మొదటి స్థానం దక్కింది, పర్డ్యూ చరిత్రలో ఇలా జరగడం ఇదే తొలిసారి. సంతోషించు, కానీ ఆ జాబితాను చూసి టోర్నమెంటు సీడ్లు ఇవ్వరు. ఎంపిక సంఘం ముందు ఉండే ప్రధానమైన కొలత 2018-19 సీజన్ నుంచి వాడుకలో ఉన్న ఎన్‌సీఏఏ వారి నెట్ (NET) ర్యాంకు. దాని ప్రకారం సొంత అరీనాలో మొదటి 30 జట్లలో ఒకదాన్ని గెలవడం, తటస్థ వేదిక మీద మొదటి 50లో ఒకదాన్ని గెలవడం, ఎదుటివారి ఊళ్లో మొదటి 75లో ఒకదాన్ని గెలవడం ఒకే తరగతి విజయాలుగా లెక్కలోకి వస్తాయి. బయటి ఊళ్లో గెలవడం ఎంత కష్టమో ఈ అంకెలే చెబుతాయి. కాబట్టి జనవరిలో ఒక సాధారణమైన జట్టు మీద దాని ఊళ్లోనే రెండు పాయింట్లతో గెలిచినప్పుడు, ఇంత కష్టపడి గెలవాలా అని పెదవి విరవకు. ఇప్పుడు బిగ్ టెన్‌లో 18 జట్లున్నాయి, 2024 నుంచి లాస్ ఏంజెలెస్, సియాటెల్ దాకా ప్రయాణాలున్నాయి, కాన్ఫరెన్స్ ఆటలే 20. ఆ అలసటలో వచ్చిన చిన్న విజయాలే మార్చిలో మంచి సీడ్‌గా మారుతాయి.

మన జట్టును ప్రేమించాలంటే దాన్ని ఎలా కడతారో తెలియాలి. 2005 నుంచి మ్యాట్ పెయింటరే కోచ్. తాను ఆడిన జీన్ కేడీ జట్టునే గురువు తరువాత చేతికి తీసుకున్నవాడు, నా విద్యార్థి దశలో కేడీ కోచ్‌గా ఉండేవారు. 2021 తరువాత ఆటగాళ్లు ఒక ఏడాది కూర్చోకుండానే విశ్వవిద్యాలయం మారే వీలు, తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలు వచ్చాయి. ఆ హక్కులు వారికి దక్కడం న్యాయమేనని నా అభిప్రాయం. కానీ వాటి వల్ల ఏటా జట్టు జట్టంతా మారిపోయే చోట్లు చాలా ఉన్నాయి. ఇటువంటి కాలంలో బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్, ట్రే కాఫ్‌మన్-రెన్ ముగ్గురూ చివరి ఏడాది వరకు ఒకే చోట నిలిచారు. వారిలో కాఫ్‌మన్-రెన్ మొదటి ఏడాది అసలు ఆటలోకి దిగకుండా సాధనలోనే గడిపాడు. టొరంటో కుర్రవాడు ఈడీ చిన్నప్పుడు హాకీ, బేస్‌బాల్ ఆడి, హైస్కూల్లో ఉండగా బాస్కెట్‌బాల్ పట్టుకున్నాడు. వచ్చినప్పుడు అతణ్ణి గొప్ప ఆటగాడని ఎవరూ అనలేదు, చివరికి వరుసగా రెండేళ్లు దేశంలోనే ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. అందుచేత బెంచి మీద కూర్చున్న మొదటి ఏడాది కుర్రవాడి పేరు ఇప్పుడే తెలుసుకుని ఉంచుకో. అతడు మూడో ఏట ఎదిగినప్పుడు కలిగే ఆనందం, మొదటి నుంచి చూసినవారికే దక్కుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నీకు సలహా కాదు, ఆజ్ఞ ఇస్తున్నాను. ఓడిన రాత్రి ఏ ఆటగాడి పేరు మీదా ఎక్కడా ఒక్క మాట రాయవద్దు. వారు నీ కంటే చిన్నవారు, చాలామందికి ఇరవై, ఇరవై ఒక్క ఏళ్లు. ఆటల మీద డబ్బు పందెం కాసి పోగొట్టుకున్నవారు ఆ కుర్రవాళ్ల ఫోన్లకు పంపే సందేశాలు చదవరానివి. నువ్వు పందెం జోలికి పోవద్దు. డబ్బు పెట్టినవాడు జట్టును చూడటం మానేసి అంకెను చూడటం మొదలుపెడతాడు.

నీ రెండో ప్రశ్న బాధ గురించి. 1988లో మా జట్టు బిగ్ టెన్ గెలిచి, మొదటి సీడ్ సాధించి, సొంత మాకీ అరీనాలో తాను డిసెంబరులోనే చిత్తుగా ఓడించిన కాన్సస్ స్టేట్ చేతిలో మూడు పాయింట్లతో ఓడిపోయింది. నేనూ, గుంటూరు నుంచి వచ్చిన నా గదిమిత్రుడూ ఆ రాత్రి అన్నం వండుకోలేదు. కొన్నాళ్లకు నేను ఇండియా వచ్చేశాను. వార్తాపత్రికల కత్తిరింపులను అతడు కవర్లో పెట్టి పంపేవాడు, అవి చేరేసరికి రెండు వారాల పాతవి అయ్యేవి. 1994లో గ్లెన్ రాబిన్సన్ ఆడిన మన జట్టు డ్యూక్ చేతిలో ఓడిన సంగతి నేను అలాగే కాగితం మీద చదివాను. 2019లో వర్జీనియా ఆటగాడు చివరి క్షణంలో బంతి వేసి ఆటను అదనపు సమయానికి తీసుకుపోయినప్పుడు, 2021లో నార్త్ టెక్సాస్, 2022లో సెయింట్ పీటర్స్, 2023లో ఫెయిర్లీ డికిన్సన్ వరుసగా ఇంటికి పంపినప్పుడు ఇదే కుర్చీలో కూర్చుని చూశాను. ఆ 2019 వర్జీనియానే అంతకు ముందు ఏడాది 16వ సీడ్ చేతిలో ఓడిన మొదటి జట్టు. మనల్ని దాటిన తరువాత అది టైటిల్ గెలిచింది. మనం కూడా 2023 గాయం మీదే నిలబడి మరుసటి ఏడాది 1980 తరువాత తొలిసారిగా చివరి నాలుగు జట్ల దశ అయిన ఫైనల్ ఫోర్‌కు వెళ్లాం. పోయిన మార్చిలో ఇండియానాపొలిస్‌లో హ్యూస్టన్ ఆఖరి సెకనులో 62-60తో గెలిచినప్పుడు నువ్వు నాకు ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేకపోయావు. మాట్లాడనవసరం లేదు. ఒకటి రెండు రోజులు ఆ ఆట గురించి ఏమీ చదవకు, మూడో రోజు నోటుపుస్తకం తీసి నవంబరు పేజీ నుంచి చదువు.

చరిత్ర కూడా కొంత తెలుసుకో, అది ఓర్పునిస్తుంది. 1932లో పర్డ్యూ ఆటగాడిగా పేరు తెచ్చుకున్న జాన్ వుడెన్, తరువాత యూసీఎల్‌ఏ కోచ్‌గా పది టైటిళ్లు గెలిచారు. వాటిలో 1969 నాటిది మన జట్టును ఫైనల్‌లో 92-72తో ఓడించి గెలిచినదే. ఆ ఆటలో యూసీఎల్‌ఏ ఆటగాడు ఆల్సిండర్ చేసినవీ 37 పాయింట్లే. మన మహిళల జట్టును కూడా అనుసరించు: పర్డ్యూకు బాస్కెట్‌బాల్‌లో ఉన్న ఏకైక ఎన్‌సీఏఏ టైటిల్ వారు 1999లో డ్యూక్‌ను 62-45తో ఓడించి తెచ్చినది, దాని గురించి మన పూర్వ విద్యార్థులు మాట్లాడవలసినంత మాట్లాడరు.

సంక్రాంతికి నువ్వు వచ్చేసరికి కాన్ఫరెన్స్ ఆటలు జోరుగా సాగుతూ ఉంటాయి. తెల్లవారుజామున ఆట ఉన్న రోజుకు డికాషన్ ముందురాత్రే వేసి ఉంచుతానని మీ అత్తయ్య మాట ఇచ్చింది. నీ నోటుపుస్తకం తప్పకుండా తెచ్చుకో; నవంబరు నుంచి నువ్వు రాసిన వాక్యాలూ నేను రాసినవీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదవాలని నాకు ఉంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య