ల్యాండ్‌స్కేప్ నుంచి నైరూప్యానికి వెళ్లే ముందు: ఒక శిష్యురాలికి ఉత్తరం

అమ్మా,

ఉత్తరం అందింది. నువ్వు పంపిన ఫోటోలను పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని తీరిగ్గా చూశాను. ల్యాండ్‌స్కేప్ మానేసి, గుర్తుపట్టే ఆకారాలు లేకుండా రంగులు, గీతలతోనే నడిచే నైరూప్యంలోకి (అబ్‌స్ట్రాక్ట్) వెళ్లిపోవాలా, ఉన్నచోటే ఉండాలా తేల్చి చెప్పమన్నావు. ఏం వదిలేయాలన్న దాని గురించే నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నావు. వెంట ఏం తీసుకెళ్తావో చెప్తే, వెళ్లాలో వద్దో నేను చెప్పగలను.

ముందు నీ చెరువు బొమ్మల సంగతి. కొండలు, చెట్లు, ఆకాశం చేయి తిరిగిన ధీమాతో లాగించేశావు. నువ్వు కష్టపడిందంతా గట్టు దగ్గర, నీడ నీళ్లలో కరిగే అంచు మీద. అక్కడ వేసి, గీకేసి, మళ్లీ వేసినట్టు ఫోటోలో కూడా తెలిసిపోతోంది. అంటే నిన్ను నిజంగా పట్టుకున్నది ఆ అంచు. ఒక రంగు ఎక్కడ ఆగుతుంది, ఇంకోటి ఎక్కడ మొదలవుతుంది, మధ్యలో ఏం జరుగుతుంది అనే ప్రశ్న. దాన్ని చంకనెత్తుకుని వెళ్తే నీ నైరూప్యానికి వెన్నెముక ఉంటుంది. చెట్లు వేసీ వేసీ విసుగొచ్చిందని వెళ్తే మాత్రం ఆర్నెల్లలో ఆ రంగుల మచ్చలన్నా విసుగొస్తుంది.

డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ పేరు చెప్పగానే నల్ల గీతలు, ఎరుపు పసుపు నీలం గళ్లు గుర్తొస్తాయి కదా. అంతకుముందు ఆయన ఏళ్ల తరబడి నదులు, గాలిమరలు, పొలాలు వేసిన మనిషి. 1908లో మొదలుపెట్టిన ఎర్ర చెట్టు, 1911 నాటి బూడిదరంగు చెట్టు, 1912 నాటి పూతకొచ్చిన ఆపిల్ చెట్టు పక్కపక్కన పెట్టి చూడు. ఒక్కో బొమ్మకీ కొమ్మల మధ్య ఖాళీలు కొమ్మలంత బలంగా తయారవుతాయి. 1914, 15 సంవత్సరాలకి వచ్చేసరికి సముద్రం చిన్న చిన్న అడ్డగీతలు, నిలువు గీతలుగా మిగిలింది. గళ్లు అలా పుట్టాయి. చెట్టు జోలికి పోకుండా నేరుగా గళ్లు గీసేవాళ్ల బొమ్మలు ఎందుకు తేలిపోతాయో నీకే అర్థమవుతుంది. అన్నట్టు, 1920లలో, ఆ గళ్ల బొమ్మలు వేస్తున్న రోజుల్లోనే, ఆయన డబ్బు కోసం పూల బొమ్మలు కూడా వేసి అమ్ముకున్నాడు. అద్దె కట్టడానికి నువ్వు ఒక కొండ వేస్తే పరువేం పోదు.

నిన్ను తినేస్తున్న రెండో భయం, ఒకసారి అటు వెళ్లి మళ్లీ వెనక్కి వస్తే జనం ఏమనుకుంటారోనని. రిచర్డ్ డీబెన్‌కార్న్ సంగతి చూడు. 1950ల మొదట్లో నైరూప్య చిత్రకారుడిగా మంచి పేరు తెచ్చుకున్నాడు. 1955 చివర్లో, ఆ పేరు పెరుగుతుండగానే, మనుషులు, గదులు, వీధులు వేయడం మొదలుపెట్టాడు. పదేళ్లకు పైగా అదే పని. 1967లో 'ఓషన్ పార్క్' వరస ఎత్తుకుని మళ్లీ నైరూప్యానికి వచ్చి, రెండు దశాబ్దాలు దాన్ని సాగించాడు. ఆయన 1963లో వేసిన 'సిటీస్కేప్ 1' తీసి చూడు. ఎండలో వీధి, ఒక పక్క ఇళ్లు, ఇంకో పక్క ఖాళీ స్థలాలు, మధ్యలో ఏటవాలుగా పడ్డ నీడలు. తర్వాత వేసిన ఓషన్ పార్క్ బొమ్మల్లోని ఏటవాలు గీతల్ని దాని పక్కన పెడితే వాటి పుట్టిల్లు ఎక్కడో తెలిసిపోతుంది. ఆ పదేళ్లు ఆయన వెనక్కి నడిచాడని నాకు అనిపించదు. ల్యాండ్‌స్కేప్ ఒకటో తరగతి, నైరూప్యం డిగ్రీ అనుకునే వాళ్లకే అలా అనిపిస్తుంది.

జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ లాగా రెండూ ఒకేసారి చేయవచ్చా అనీ అడిగావు. ఫోటోల ఆధారంగా మసకబారిన ల్యాండ్‌స్కేపులు, గీకి గీకి తెచ్చిన నైరూప్య చిత్రాలు ఆయన ఏళ్ల తరబడి పక్కపక్కనే వేశాడు. చేయవచ్చు. కానీ ఇప్పుడే నీకు వద్దంటాను. ఒకదాంట్లో ఇరుక్కున్నప్పుడల్లా రెండోదాంట్లోకి పారిపోవడం అలవాటైపోతుంది. కనీసం ఒక ఏడాది ఒకదాని మీదే కూర్చో.

ఇక పని గురించి. కాన్వాస్‌కి అడ్డంగా ఒక గీత గీసి పైన లేత రంగు, కింద ముదురు రంగు వేయి. నువ్వు ఏమనుకుని వేసినా చూసేవాళ్లకి అది నేల, ఆకాశమే. ల్యాండ్‌స్కేప్ నుంచి వచ్చిన ప్రతివాళ్లకీ ఈ క్షితిజరేఖే మొదటి గండం. తీసేశాననుకుంటావు, ఏదో మూల నుంచి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అడ్డంగా ఉండే కాన్వాస్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టి నిలువుదో, చతురస్రమో తీసుకో. పని మధ్యలో దాన్ని తిప్పుతూ ఉండు, నాలుగు వైపుల నుంచీ చూడు. ఏ వైపు పెట్టినా బొమ్మ నిలబడుతోందంటే నేల, ఆకాశం వదిలాయన్నమాట. కొన్నిసార్లు ఆ గీతని కావాలనే ఉంచుకోవాలనిపిస్తుంది. ఉంచుకో, తప్పులేదు. అది నువ్వు పిలిస్తే రావాలి, దానంతట అది రాకూడదు.

రంగు విషయంలోనూ ఇదే. దూరం కొండలకి నీలం కలిపి, కాంట్రాస్ట్ తగ్గించి వేయడం నీ చేతికి అలవాటు. గాల్లో వెలుతురు చెదరడం వల్ల దూరపు వస్తువులు అలా కనిపిస్తాయి. కొండ తీసేసినా ఆ లెక్క పోదు. పాలిపోయిన నీలం వెనక్కి జరుగుతుంది, వేడి ఎరుపు ముందుకొస్తుంది. అంచు దగ్గర నీలాన్ని ముందుకు లాగాలంటే ఏం చేయాలి? చిక్కగా, పదునైన అంచుతో వేసి, దాని చుట్టూ ఉన్న వెచ్చని రంగుల్ని మెత్తబరచాలి. చిన్న కాగితాల మీద ఇదొక్కటే నెల రోజులు ఆడుకో.

అసలు కష్టం ఇంకోటుంది. ల్యాండ్‌స్కేప్‌లో చెట్టు వంకర పోతే చెట్టే చెప్తుంది. నైరూప్యంలో నీకు ఎవరూ చెప్పరు. అందుకని, అయిపోయిందనుకున్న బొమ్మని వారం పాటు గోడవైపు తిప్పి పెట్టు. తర్వాత అద్దంలో చూడు, బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీసి చూడు. రంగు తీసేస్తే టోన్లన్నీ, అంటే వెలుగునీడల తేడాలన్నీ, ఒకే ముద్దయిపోతున్నాయంటే బొమ్మ ఇంకా రంగు మీద బతికేస్తోందని అర్థం. బయట కూర్చుని స్కెచ్ వేయడం మాత్రం మానొద్దు. హెలెన్ ఫ్రాంకెన్‌తాలర్ 1952 వేసవిలో కెనడాలోని నోవా స్కోషియాలో సముద్రం, కొండలు చూస్తూ వాటర్ కలర్స్ వేసింది. తిరిగొచ్చి 'మౌంటెన్స్ అండ్ సీ' వేసింది. అందులో కొండ ఆకారం వెతికితే చేతికి చిక్కదు, కానీ ఆ వేసవి లేకుండా ఆ బొమ్మ లేదు.

అది చూసి నువ్వు కూడా ఆవిడలాగే పల్చటి ఆయిల్ రంగుని ప్రైమర్ (రంగుకి ముందు గుడ్డకి వేసే పూత) లేని కాన్వాస్ మీద పోస్తావేమో, వద్దు. నూనె దిగిన గుడ్డ కాలక్రమంలో పెళుసెక్కిపోతుంది. ఆవిడ కూడా 1960లలో ఆయిల్ వదిలి, నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగులకి మారింది. పోయడం ఇష్టమైతే ఆక్రిలిక్ పోసుకో. దాని మీద ఆయిల్ వేసుకోవచ్చు, ఆయిల్ మీద ఆక్రిలిక్ మాత్రం పట్టదు, పొరలు లేచిపోతాయి. నైరూప్యంలో పొర మీద పొర పడుతూనే ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త నీకు ఇదివరకటికంటే ఎక్కువ కావాలి.

గ్యాలరీ వాళ్ల మీద కోపం పెట్టుకోకు. వాళ్ల దగ్గర నీ కొండల కోసం వచ్చే మనుషులున్నారు, వాళ్ల టెన్షన్ వాళ్లది. రాబోయే షోలో రెండు కొత్త బొమ్మలు కలిపేద్దామన్న నీ ఆలోచన మంచిది కాదు. కొండల మధ్య అవి పూర్తికాని కొండల్లా కనిపిస్తాయి. ఈ షో మొత్తం ల్యాండ్‌స్కేపులే ఇవ్వు. కొత్తవి పదిహేనో ఇరవయ్యో ఒక వరసగా తయారయ్యాక వాళ్లని స్టూడియోకి పిలిచి అన్నీ ఒకేసారి చూపించు. సైజుకి తగ్గ ధర రెండు రకాలకీ ఒకటే పెట్టు. కొత్తవాటిని తగ్గించి అమ్మితే, వాటి మీద నీకే నమ్మకం లేదని కొనేవాళ్లు పసిగడతారు. అప్పటికీ వద్దంటే ఆ వరసకి వేరే గ్యాలరీ వెతుక్కోవచ్చు. అలా వేరేచోట పెట్టే వీలు ఇప్పుడున్న ఒప్పందంలో ఉందో లేదో ముందే చదువుకో.

ప్రతి కాన్వాస్ వెనక తేదీ, వాడిన రంగులు, ప్రైమర్ రాసి పెట్టు. వచ్చే నెల రాసేటప్పుడు పూర్తయిన బొమ్మలు అక్కర్లేదు, నీలంతో ఆడుకున్న ఆ చిన్న కాగితాలు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు