ఒక్క దేవుడే అన్న రాజు పేరు ఎందుకు చెరిపేశారు?

ప్రశ్న: ఈజిప్టు ఫారో అఖెనాటెన్ దేవుళ్లందరినీ పక్కనపెట్టి సూర్యుణ్ణే కొలిచాడట కదా. అంత గొప్ప సంస్కర్త పేరు ఆయన పోయాక ఎందుకు మిగలనియ్యలేదు? దీని మీద మా డిగ్రీ క్లాసులో పెద్ద గొడవే అయింది.
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీరు ఏ పక్షమో రాయలేదు గానీ, నేనైతే ఆయన్ని సంస్కర్తల్లో కలపను. క్రీ.పూ. 1350 ప్రాంతంలో నాలుగో అమెన్‌హోటెప్‌గా గద్దెనెక్కాడు. ఐదో ఏడు వచ్చేసరికి పేరు మార్చుకుని, ఇప్పుడు అమర్నా అంటున్న చోట, ఎడారి అంచున కొత్త రాజధాని మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఉలులిచ్చి మనుషుల్ని పంపి గుడి గోడల మీద అమున్ దేవుడి పేరు ఎక్కడ కనబడితే అక్కడ చెక్కి చెరిపేయించాడు, చివరికి కన్నతండ్రి పేరులో ఉన్న అమున్‌ని కూడా వదల్లేదు.

సరే, మరి జనానికి ఏం మిగిలింది? అప్పటి బొమ్మలు చూడండి. సూర్యబింబం నుంచి దిగే ప్రతి కిరణం చివర చిన్న చెయ్యి ఉంటుంది, ఆ చేతులు ప్రాణానికి గుర్తైన అంఖ్‌ను రాజు ముక్కుకీ రాణి నెఫర్టిటి ముక్కుకీ అందిస్తుంటాయి, ఇంకెవరికీ కాదు. భద్రకాళి గుడికి తాళం వేసి, పోచమ్మకు బోనం ఎత్తకండి, నన్ను మొక్కండి, అమ్మవారితో నేను మాట్లాడుకుంటా అని ఓరుగల్లులో ఎవరైనా రాజు అంటే మనవాళ్లు ఊరుకునేవాళ్లా? ఈజిప్టు జనమూ పూర్తిగా ఊరుకోలేదు. అమర్నాలోనే కూలీల ఇళ్లలో కాన్పునీ పిల్లల్నీ కాచే మరుగుజ్జు దేవుడు బెస్ తాయెత్తులు దొరికాయి. అక్కడి మామూలు జనం శ్మశానం తవ్వితే చిన్న వయసులో పోయినవాళ్లు, బరువులు మోసి వెన్నెముక దెబ్బతిన్నవాళ్లు కనిపించారు. ఆ నగరాన్ని అంత తొందరగా కట్టింది వీళ్లే మరి.

గుళ్లంటే పూజలొక్కటే కాదు, భూములు, పశువులు, ధాన్యం కొట్లు, వాటి మీద బతికే కుటుంబాలు. ఆదాయం కొత్త దేవుడైన ఆటెన్ అనే సూర్యబింబం వైపు మళ్లేసరికి పాత వ్యవస్థ కుదేలైంది. పదిహేడేళ్ల పాలన తర్వాత ఆయన పోయాడు, టుటన్‌ఖాటెన్ అనే పిల్లవాడు రాజై టుటన్‌ఖామున్‌గా మారాడు. గుళ్లలో పిచ్చిమొక్కలు మొలిచాయని, మొక్కినా దేవుళ్లు పలకడం లేదని అతని శాసనం వాపోతుంది (గెలిచినవాళ్ల మాట, కొంత తగ్గించే చదవాలి). తర్వాత రాజైన హోరెంహెబ్ కర్నాక్ గుడి ప్రాంగణంలో ఆటెన్ గుళ్లు విప్పి, ఆ రాళ్లను తన ద్వారగోపురాల లోపల కూరేశాడు. ఆ తర్వాతి రాజుల్లో ఒకడైన మొదటి సేటి అబైడోస్ గుడిలో చెక్కించిన రాజుల పట్టికలో మూడో అమెన్‌హోటెప్ తర్వాత నేరుగా హోరెంహెబే! మధ్యలో ఉన్న టుటన్‌ఖామున్ కూడా కొట్టుకుపోయాడు, పాపం. తమాషా ఏంటంటే, ఎండా గాలీ తగలకుండా గోపురాల్లో దాగిన ఆ రాళ్లు వేల సంఖ్యలో, కొన్ని రంగులతో సహా, మళ్లీ బయటపడ్డాయి.

ప్రశ్న: హైదరాబాద్ మ్యూజియంలో ఉన్న మమ్మీ ఆయన కాలందేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కాదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న ఆ మమ్మీ ఈజిప్టును ఏలిన గ్రీకు వంశం టాలెమీల కాలంది, అఖెనాటెన్‌కు దాదాపు వెయ్యేళ్ల తర్వాతి మాట. అయినా పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, వాళ్లు అడిగే ప్రశ్నలు మాకు రాయండి.