వియత్నాంలో పుట్టిన అమెరికన్ రచయిత వియెట్ థాన్ న్గుయెన్‌కి మొదటి నవలకే, అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి రావడం అదృష్టమా? ఆయన పుస్తకాల్లో దేంతో మొదలుపెట్టాలి?

మొదటి నవలే, నిజం. కానీ 2016లో 'ది సింపథైజర్'కి పులిట్జర్ వచ్చేనాటికి ఆయనకి 45 ఏళ్ళు. అప్పటికే ఏళ్ళ తరబడి కథలు రాసి, దిద్ది, మళ్ళీ రాసి చెయ్యి తిరిగినవాడు. ఆ కథలే 2017లో 'ది రెఫ్యూజీస్'గా వచ్చాయి. అవార్డు తర్వాత వచ్చింది కదా అని అది గబగబా రాసిన పుస్తకం అనుకోకండి. పైగా 'ది సింపథైజర్'ని 13 మంది పబ్లిషర్లు వద్దన్నాక 14వ చోట గ్రోవ్ ప్రెస్ తీసుకుంది. దీన్ని అదృష్టం అంటే నేను ఒప్పుకోను.

బర్క్‌లీలో పీహెచ్‌డీ చేసి, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పాఠాలు చెబుతూనే ఇదంతా రాశారు. నెలనెలా జీతం రాకపోతే అన్నేళ్ళ ఓపిక సాధ్యమయ్యేదా అని నాకో అనుమానం.

ఇక నేను చదివిన తీరు. ముందు నవలే పట్టుకున్నాను. కథ చెప్పేవాడు దక్షిణ వియత్నాం సైన్యంలో కెప్టెన్, లోపల మాత్రం కమ్యూనిస్టుల గూఢచారి. పుస్తకంలో చాలా భాగం అతను నిర్బంధంలో రాస్తున్న వాంగ్మూలం. సంభాషణలకి కొటేషన్ గుర్తులు ఉండవు, వాక్యాలు ఊపిరాడనివ్వవు. మొదట్లో విసుగొచ్చింది కూడా. హాలీవుడ్ వాళ్ళు వియత్నాం యుద్ధం మీద సినిమా తీసే భాగం దగ్గర పట్టు దొరికింది. అక్కడి వెటకారం చదివి తీరాలి.

తర్వాత కథలు చదివితే వేరే మనిషి రాసినట్టున్నాయి. అంత నెమ్మది. 'వార్ ఇయర్స్' అనే కథలో శాన్ హోసేలో కిరాణా కొట్టు నడిపే కుటుంబం, కమ్యూనిస్టుల మీద పోరాటానికి చందా ఇమ్మని వెంటపడే ఒకావిడ ఉంటారు. న్గుయెన్ అమ్మానాన్నలు ఆ ఊళ్ళోనే కొట్టు పెట్టారు. ఓ క్రిస్మస్ ముందురోజు అందులోనే వాళ్ళ మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలతో బయటపడ్డారు. 1975లో అమెరికా చేరినప్పుడు పెన్సిల్వేనియాలోని శరణార్థుల శిబిరం నుంచి తల్లిదండ్రుల్ని, అన్నని, నాలుగేళ్ళ ఈయన్ని వేర్వేరు స్పాన్సర్లు తీసుకెళ్ళారు. ఇవన్నీ తెలిశాక నవలలోని కోపం నాకు అతిగా అనిపించలేదు.

అందుకే మీరు 'వార్ ఇయర్స్'తో మొదలుపెట్టండి, తర్వాత నవల. దానికి కొనసాగింపుగా 2021లో వచ్చిన 'ది కమిటెడ్' పారిస్‌లో నడుస్తుంది. అది ఆగొచ్చు, ముందు 2023 నాటి ఆత్మకథ 'ఎ మ్యాన్ ఆఫ్ టూ ఫేసెస్' చదవండి. 2024లో 'ది సింపథైజర్' ఆధారంగా హెచ్‌బీఓ టీవీ సిరీస్ కూడా వచ్చింది, నవల పూర్తయ్యాకే చూడండి.