సంగీత సందేహాలు: సర్ఫ్ గిటార్‌కు రివర్బ్ పెడల్ కొనాలా?

ప్రశ్న: గురువు లేకుండా, వీడియోలు చూసి ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకున్నాను. సినిమా పాటలకు కార్డ్స్ (కలిపి మీటే స్వరాలు) వాయించగలను. ఈ మధ్య 1960ల నాటి అమెరికన్ సర్ఫ్ సంగీతం (సముద్రపు అలల మీద తేలే సర్ఫింగ్ ఆట చుట్టూ పుట్టినది) మీద మనసు పడింది. ఎంత ప్రయత్నించినా నీళ్లలో తడిసినట్టుండే ఆ నాదం రావడం లేదు. వేగంగా మీటబోతే కాసేపటికే ముంజేయి పట్టేస్తోంది. నా దగ్గర గిటార్ శబ్దాన్ని పెంచే చిన్న ప్రాక్టీస్ యాంప్ మాత్రమే ఉంది. రివర్బ్ పెడల్ (శబ్దానికి ప్రతిధ్వని జోడించే పరికరం) కొనమని మిత్రులు అంటున్నారు. సముద్రం లేని ఊళ్లో ఈ సంగీతమేమిటని నవ్వేదీ వాళ్లే. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సముద్రం సంగతి ముందే తేల్చేద్దాం. ఆ రోజుల్లో సర్ఫింగ్ పాటలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న బీచ్ బాయ్స్ బృందంలో నిజంగా అలల మీద తేలినవాడు డ్రమ్మర్ డెనిస్ విల్సన్ ఒక్కడే. కాబట్టి మీ మిత్రుల్ని నవ్వుకోనివ్వండి.

పెడల్ తప్పక కొనండి, అయితే మీ కుడిచేయి దారికి వచ్చాక. సర్ఫ్ గిటార్‌కు ఆద్యుడుగా చెప్పుకునే డిక్ డేల్ 1961లో విడుదల చేసిన 'లెట్స్ గో ట్రిప్పిన్'లో రివర్బ్ లేదు. అయినా కాలిఫోర్నియాలో బాల్బోవాలోని రాండేవూ బాల్‌రూమ్ అనే నాట్యశాల అతని వాయిద్యానికి కుర్రకారుతో కిక్కిరిసిపోయేది. లెబనాన్ మూలాలున్న కుటుంబంలో పుట్టిన డేల్ చిన్నప్పుడే బంధువుల దగ్గర తరబకీ అనే చేతి డోలు నేర్చాడు. అతని పికింగ్‌లో (పిక్ అనే చిన్న బిళ్లతో తీగలు మీటడంలో) వినిపించే ఉరవడికి ఆ లయే పునాది. ఎడమచేతి వాటం కావడంతో తీగల వరుస తలకిందులుగా ఉండేలా గిటార్ పట్టుకుని, సన్నటి తీగే 16 గేజ్ (0.016 అంగుళం) ఉండేంత మందపు సెట్టు బిగించి వాయించేవాడు. ఆ గేజ్ మీరు అనుకరించకండి. గిటార్ మెడ వంగుతుంది, వేళ్లు పుండవుతాయి. 9 గేజ్ సెట్టు వాడుతుంటే 11కు మారండి, అది చాలు.

ముంజేయి పట్టేయడానికి కారణం మీరు మోచేతి నుంచి మీటడమే అయ్యుంటుందని నా అనుమానం. గురువు లేని వాళ్లలో ఎక్కువగా కనిపించే దోషమిది. పిక్ మొనను కొద్దిగా మాత్రమే బయటికి ఉంచి, మణికట్టును వదులుగా తిప్పుతూ ఒకటి కిందికి, ఒకటి పైకి మీటండి. ఎడమచేత్తో తీగలన్నిటినీ మూసేసి, స్వరం లేకుండా, బోనాల ఊరేగింపులో మీరు వినే డప్పు దరువునే పిక్‌తో పలికించండి. సిర్ర (డప్పు వాయించే కుడిచేతి కర్ర) పడే దెబ్బలు కిందికి, చిటికెన పుల్ల (ఎడమచేతి సన్న పుల్ల) పడేవి పైకి వేస్తే, వేగం కన్నా ముందు రావలసిన సమానత్వం మీకే పట్టుబడుతుంది. చేయి నొప్పెడితే ఆ పూటకు ఆపేయండి, పంతం పనికిరాదు.

ఇక స్వరాల్లోకి వద్దాం. 1962లో డేల్ వాయించిన 'మిసిర్లూ' తూర్పు మధ్యధరా తీరపు పాత పాట, 1927 నాటికే గ్రీకులో రికార్డయినది. దాని స్వరస్థానాలు మన మాయామాళవగౌళవే, అంటే సంగీతం బళ్లో పిల్లలు సరళీ స్వరాలు పాడే రాగానివే. మందపు ఇ తీగ ఒక్కదాని మీదే 0, 1, 4, 5, 7, 8, 11, 12 ఫ్రెట్లు వరుసగా నొక్కితే సరిగమపదనిస వచ్చేస్తుంది. ఒక్కో స్వరాన్ని నాలుగు సార్లు మీటుతూ, మెట్రోనోమ్‌ను (లయ చూపే పరికరం) నిమిషానికి 80 దెబ్బల దగ్గర పెట్టి ఎక్కి దిగండి. గమకాలు ఉండవు కనుక దీన్ని రాగమనడం సంగీతజ్ఞులు ఒప్పుకోరు; మీ అభ్యాసానికి మాత్రం ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

తడి నాదం స్ప్రింగ్‌లోంచి వస్తుంది. ఫెండర్ సంస్థ 1961లో తెచ్చిన విడి రివర్బ్ పెట్టెలో గిటార్ శబ్దం స్ప్రింగుల గుండా ప్రయాణిస్తుంది; హెచ్చు, తగ్గు స్థాయిలు వాటిలో వేర్వేరు వేగాలతో సాగడం వల్ల చివర చినుకు చిట్లినట్టు వినిపిస్తుంది. ఆ పెట్టె యాంప్‌కు ముందు ఉండేది. మీరు కొనబోయే పెడల్‌లో 'స్ప్రింగ్' అనే అమరిక ఉందో లేదో చూసుకుని, దాన్ని గిటార్‌కూ యాంప్‌కూ నడుమ కలపండి, డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించే అమరిక) పూర్తిగా తీసేయండి. బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) పక్కన అరచేతి అంచును తీగలకు ఆనించి గట్టిగా మీటితే, అప్పుడు వస్తుంది మీరు వెతుకుతున్న ఆ 'టప్' మనే శబ్దం.

ప్రశ్న: నా దగ్గర అకౌస్టిక్ గిటారే ఉంది. దానితో మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నిక్షేపంగా. పైన చెప్పిన కుడిచేతి సాధన అంతా దాని మీద సాగుతుంది, తీగలు ఎలాగూ మందంగానే ఉంటాయి. నైలాన్ తీగలదైతే మాత్రం జాగ్రత్త. దానికి సాధారణంగా పిక్‌గార్డ్ (చెక్కను గీతల నుంచి కాపాడే పలక) ఉండదు కనుక పిక్ దెబ్బలకు పై చెక్క నిండా గీతలు పడతాయి.