ఆ రెండో పేజీ తీసెయ్

నాయనా,

చెస్ ఫెడరేషన్‌కి నువ్వు పంపాలనుకుంటున్న ఫిర్యాదు రెండుసార్లు చదివాను. మొదటి పేజీ బాగుంది. జట్టు ఎంపికకు, ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో చూపే రేటింగ్ లిస్టు ఏ నెలది చూస్తారో ముందుగా చెప్పలేదని, పేర్లు ప్రకటించాకే ఆ నెల ఏదో తెలిసిందని రాశావు. ప్రపంచ చెస్ సంస్థ ఫిడే ఇచ్చే ఆ లిస్టు ప్రతి నెలా 1వ తేదీన మారుతుంది. ఏ నెలది తీసుకున్నారన్న దాన్నిబట్టి జట్టులో చివరి బోర్డు మీద కూర్చునే మనిషే మారిపోవచ్చు. ఇది గట్టి ప్రశ్న, దాటేయడం కష్టం. రెండో పేజీలో మాత్రం, కమిటీలో ఉన్న కోచ్ తన శిష్యుడి కోసమే ఇదంతా నడిపించాడని రాశావు. ఆ పేజీ తీసెయ్.

ఎందుకో చెప్పాలంటే నా తప్పొకటి చెప్పాలి. ఆర్బిటర్‌గా, అంటే ఆటలో తీర్పు చెప్పేవాడిగా, కొత్తగా చేస్తున్న రోజుల్లో, ఒక ఛాంపియన్‌షిప్ చివరి రౌండులో ఒక కుర్రాడు గడియారం ఆపి, ఒకే పొజిషన్ మూడోసారి వచ్చిందని డ్రా క్లెయిమ్ చేశాడు. ఆ మూడూ వరసగా రావాలనుకున్నాను నేను. నిబంధనలో అలా లేదు. మధ్యలో ఎన్ని ఎత్తులు పడినా, అవే కాయలు అవే గళ్లలో ఉండి, ఆడాల్సిన వంతు అదే ఆటగాడిదై, వేయగల ఎత్తులు కూడా అవే అయితే చాలు. నేను క్లెయిమ్ కొట్టేసి, తప్పు క్లెయిమ్‌కి నిబంధన చెప్పినట్టు ప్రత్యర్థి గడియారానికి రెండు నిమిషాలు కలిపి, ఆట సాగించమన్నాను. కుర్రాడు ఓడిపోయాడు. ఆ రాత్రి స్కోర్‌షీటు ముందు పెట్టుకుని ఎత్తులన్నీ వేసి చూస్తే అతను చెప్పిందే నిజం.

మర్నాడు పొద్దున్నే ఒప్పుకోవాల్సింది. ఈలోపు అతని ఫిర్యాదు వచ్చింది. అందులో ఒక వాక్యం: ప్రత్యర్థి క్లబ్బు కోసం నేను కావాలనే అలా చేశానని. అది అబద్ధం. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు పేజీల జవాబు రాశాను, నాలుగూ ఆ ఒక్క వాక్యం గురించే. కమిటీ కూడా నా నిజాయితీ గురించే చర్చించి, నాలో దోషం లేదని తేల్చి, ఫైలు మూసేసింది. మూడుసార్లు వచ్చిన ఆ పొజిషన్‌ని ఎవరూ బోర్డు మీద పెట్టి చూడలేదు. తప్పు నాదే, సందేహం లేదు. కానీ అందులోంచి జారుకునే సందు అతనే తీసిపెట్టాడు, నేను సిగ్గు లేకుండా దూరిపోయాను. డ్రాతో అతనికి రావాల్సిన ఆ అర పాయింటు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కోచ్ సంగతి ఊరుకోమనడం లేదు. దాన్ని ప్రశ్నగా అడుగు. శిష్యుడి పేరు చర్చకు వచ్చినప్పుడు ఆయన గదిలో ఉన్నారా, ఓటు వేశారా, ఆ సంగతి మీటింగ్ మినిట్స్‌లో రాశారా? వీటికి అవునో కాదో చెప్పాలి, కోపం తెచ్చుకుంటే సరిపోదు.

చీటింగ్ ఆరోపణల దగ్గర మరీ జాగ్రత్త. 2006 ఎలిస్టా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో క్రామ్నిక్ మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్తున్నాడని అతని ప్రత్యర్థి తోపలోవ్ పక్షం ఫిర్యాదు చేసింది. ఏమీ రుజువు కాలేదు, ఐదో గేమ్ మాత్రం ఆడకుండానే పోయింది. ఇంకో పక్క దేశాల జట్లు ఆడే 2010 చెస్ ఒలింపియాడ్ చూడు. తమ జట్టు కోచ్, ఒక ఆటగాడు, బయట కంప్యూటర్ దగ్గర ఉన్న మరో ఆటగాడు కలిసి మోసం చేశారని ఫ్రెంచ్ ఫెడరేషన్ 2011లో తానే బయటపెట్టింది. జట్టులోని ఆ ఆటగాడు తన బోర్డులో పతకం తెచ్చినవాడు. దేశం పరువు పోతుందని ఎవరైనా దాచేవాళ్లే. వాళ్లు దాచలేదు, తమవాళ్ల మీద తామే చర్య తీసుకున్నారు. చేతిలో ఉన్నది పుకారు కాదు, ఫోన్ సందేశాలు. తర్వాత ఫిడే కూడా ఆ ముగ్గురినీ నిషేధించింది. ఒక జాతీయ ఫెడరేషన్ నుంచి నేను కోరుకునే ధైర్యం అది.

మన ఆటలో ఒక మంచి అలవాటుంది. గేమ్ అవగానే ఓడినవాడూ గెలిచినవాడూ ఒకే బోర్డు మీద అనాలిసిస్‌కి కూర్చుంటారు. గుర్రాన్ని అక్కడికి తేవడమే పొరపాటని ప్రత్యర్థి అంటే ఎవరూ అవమానంగా తీసుకోరు. అదే మనుషులు మీటింగ్ హాల్లోకి వచ్చేసరికి నోరు మెదపరు, అన్నీ బయట వరండాలో చెప్పుకుంటారు. మీ జట్టులో కూడా ముగ్గురు నలుగురు నీతో అదే అని ఉంటారు. వాళ్లని సంతకం అడుగు, పెట్టకపోతే వాళ్ల మాటలు నీ ఉత్తరంలో వాడుకోకు.

జవాబు వచ్చాక, ఆ నెల ఏదో ముందే సర్క్యులర్‌లో ఉందని వాళ్లు చూపిస్తే, ఎవరెవరికి ఫిర్యాదు పంపావో వాళ్లందరికీ నీ పొరపాటు రాసి పంపాలి. అందుకు సిద్ధపడే పోస్టు చెయ్యి.

మొదటి పేజీ మళ్లీ శుభ్రంగా రాసి ముందు నాకు పంపు. కింద నా సంతకానికి కాస్త చోటు వదులు.

ఆశీస్సులతో,
మీ పాత ఆర్బిటర్