ఐసీయూ నుంచి పసిబిడ్డ ఇంటికొచ్చాక ఇల్లు కుదుటపడేదెలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పుట్టిన మూడో రోజుకే పాపకి సెప్సిస్, అంటే ఒళ్లంతా దెబ్బతీసే తీవ్రమైన ఇన్ఫెక్షన్. 16 రోజులు పసిపిల్లల ఐసీయూలో ఉండి, ఇంటికొచ్చి వారమైంది. ఇప్పుడు బరువు 2.6 కిలోలు. కందుకూరు దగ్గర మీ అత్తగారింట్లో ఉన్నారు. రాత్రంతా వంతులేసుకుని పాప ఊపిరి చూస్తూ కూర్చుంటున్నారు. పెద్దవాళ్లతో మాటామాటా వస్తోంది, నాలుగేళ్ల బాబు మళ్లీ పక్క తడుపుతున్నాడు.

ఇలా డిశ్చార్జి అయిన పిల్లల కుటుంబాలతో పనిచేసే అనుభవంతో చెబుతున్నాను. ముందు ఆ కాపలా ఆపండి. ఐసీయూలో ఏదైనా తేడా వస్తే మానిటర్ కూసేది, నర్సు పరిగెత్తుకొచ్చేది. ఇంట్లో అవి రెండూ లేవని మీరే మానిటర్లయి కూర్చున్నారు. ఏ ఇల్లూ ఎక్కువ రోజులు అలా నడవదు. ఏది ప్రమాదమో అంకెల్లో తెలుసుకుని, ఆ అంకెలు చూసే వేళలు పెట్టుకోండి. మిగతా వేళల్లో పాపని పాపలా ఉండనివ్వండి.

పొద్దున, సాయంత్రం చంకలో డిజిటల్ థర్మామీటర్ పెట్టి చూస్తే చాలు. 36.5 నుంచి 37.5 సెంటీగ్రేడ్ మధ్య (ఫారెన్‌హీట్‌లో 97.7 నుంచి 99.5) ఉంటే నోటుబుక్కులో రాసి వదిలేయండి. ఊపిరి మాత్రం పాప నిద్రలో ఉన్నప్పుడు, పొట్ట లేచి దిగడం చూస్తూ, నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. పసిపిల్లలు గబగబా కొన్ని ఊపిరులు తీసి, ఐదారు సెకన్లు, ఒక్కోసారి పది సెకన్ల దాకా ఆగి, మళ్లీ మొదలుపెడతారు. రాత్రిళ్లు మీ గుండె జారిపోయేది ఎక్కువగా ఈ ఆగడానికే అయ్యుంటుంది. రంగు మారకుండా దానంతటదే సర్దుకుంటే అది మామూలే. 20 సెకన్లు ఆగినా, పెదాలు నీలంగా మారినా మామూలు కాదు. నిమిషానికి 60 గానీ అంతకుమించి గానీ వస్తే ఇంకోసారి లెక్కపెట్టండి. రెండోసారీ అంతే ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

పాలు మానేసినా, డొక్కలెగరేసినా, ఫిట్స్ వచ్చినా, కదిపితే తప్ప కదలకుండా మెత్తబడిపోయినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా, బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడినా వేళ చూడకుండా బయల్దేరండి. ఒళ్లు 35.5 కన్నా చల్లబడినా అంతే. సెప్సిస్‌లో జ్వరం ఎంత ప్రమాదమో ఒళ్లు చల్లబడటమూ అంతే ప్రమాదం, ఇంట్లో వాళ్లు గమనించకుండా వదిలేసేది దీన్నే. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనే వయసు కాదిది. 108కి ఎవరు ఫోన్ చేయాలి, ఆలస్యమైతే ఎవరి కారు, ఒంగోలుకా నెల్లూరుకా, ఈ మూడూ ఇవాళే తేల్చి గోడ మీద కాగితం అంటించండి. డిశ్చార్జి కాగితాల జిరాక్సు ఒక సంచిలో సిద్ధంగా ఉండాలి.

మన ఎండలతో ఒక చిక్కుంది. వేసవిలో రాత్రి పదైనా శ్లాబు సెగలు కక్కుతూనే ఉంటుంది. అందులో పాపకి టోపీ, సాక్సులు, రెండు దుప్పట్లు చుడితే థర్మామీటర్ 37.7 చూపిస్తుంది. పాప చురుగ్గా ఉండి పాలు తాగుతుంటే, చుట్టినవి విప్పి పలుచటి బట్టతో పడుకోబెట్టి 20 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. దిగితే అది గుడ్డల వేడి. దిగకపోయినా, మొదటే 38 ఉన్నా ఆసుపత్రికి వెళ్లండి. ఫ్యాన్ వేసుకోవచ్చు, ఏసీ 26 నుంచి 28లో పెట్టుకోవచ్చు. గాలి నేరుగా మీద పడకుండా చూస్తే చాలు. వేలికి తగిలించే ఆక్సిమీటర్ కొనొద్దు. అది పెద్దవాళ్ల వేలి కోసం చేసింది, పాప వేలికి పెడితే తప్పు అంకెలు చూపించి ఉన్న కాస్త నిద్రా చెడగొడుతుంది.

ఇక నిద్ర. బాలింతకి రోజులో ఒక్కసారైనా నాలుగు గంటలు ఏకధాటిగా నిద్ర దొరకాలి. నా లెక్కలో ఇంట్లో మిగతా పనులన్నీ దీని తర్వాతే. తొమ్మిదింటికి ఆవిడ పాలిచ్చి పడుకుంటే, పన్నెండింటి పాలు మీరో మీ అత్తగారో పట్టండి, ఒంటిగంటన్నరకి ఆవిడ లేస్తుంది. ఆ పాలు పగలే పిండి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, 24 గంటల్లో వాడేయాలి. వేసవిలో వంటగది గట్టు మీద వదలొద్దు. గిన్నెని గోరువెచ్చటి నీళ్లలో ఉంచి వేడెక్కించాలి, పొయ్యి మీదా మైక్రోవేవ్‌లోనూ వద్దు. ఒకసారి వేడిచేసి మిగిలింది పారబోయాల్సిందే. సీసా బదులు ఉగ్గుగిన్నె వాడండి, మరిగించి శుభ్రం చేయడం తేలిక. పాపని కాస్త నిటారుగా పట్టుకుని, గిన్నె ముక్కుని పెదవికి ఆనించి, పాప చప్పరిస్తుంటే కొద్దికొద్దిగా వంచాలి. గొంతులో పోస్తే పొలమారుతుంది.

ఎంత పట్టాలంటే, కిలోకి రోజుకి 150 మిల్లీలీటర్లు. 2.6 కిలోలకి 390, ఎనిమిది సార్లకి పంచితే ఒక్కోసారి 50 దాకా. డిశ్చార్జిలో వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి. నేరుగా తాగే పాపకి కొలతలక్కర్లేదు. రోజుకి ఆరుసార్లు పైగా ఒంటేలు పోస్తూ, వారానికి 150 నుంచి 200 గ్రాములు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. బరువు ఎప్పుడూ ఒకే కాటాలో, బట్టల్లేకుండా చూడండి. ఆసుపత్రి కాటాకీ ఆశా తెచ్చే కాటాకీ తేడా వచ్చి అనవసరంగా ఏడ్చిన తల్లులు ఎంతమందో. పోతపాలు డాక్టరు రాసి ఉండి, మీది కనిగిరి వైపులాగా ఫ్లోరైడ్ నీళ్లున్న ఊరైతే, మరిగించినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. ఆర్వో నీళ్లు తెచ్చి మరిగించి వాడాలి.

పెద్దవాళ్లతో గొడవ ఎక్కువగా సాంబ్రాణి, వస, కాటుక, పథ్యం దగ్గరే వస్తుంది. అన్నిటికీ కాదంటే రోజూ యుద్ధమే, అందుకే విడదీసి చూడండి. పొగ, నోట్లో వస పోయడం, ముక్కులోనూ చెవుల్లోనూ నూనె, కంటికి కాటుక, ఈ నాలుగింటికీ ఒప్పుకోవద్దు. కాటుకలో సీసం ఉండొచ్చు. దిష్టి తీసుకుంటామంటే తీసుకోనివ్వండి, దాంతో పాపకి నష్టం లేదు. నూనె రాస్తామంటే చేతులు కడుక్కుని మెత్తగా కొబ్బరినూనె రాయనివ్వండి. పథ్యం పేరుతో బాలింతకి నీళ్లూ కూరలూ తగ్గిస్తే మాత్రం ఊరుకోవద్దు. పాలిచ్చే తల్లికి రోజుకి అదనంగా 600 కిలోక్యాలరీల దాకా కావాలి. కారప్పొడి అన్నం రెండు ముద్దలతో అవి రావు. ఈ మాటలు మీ భార్య చేత చెప్పించొద్దు, ఆవిడ అమ్మతో అయినా సరే. మీరే చెప్పండి, లేదా ఏఎన్ఎం చేత చెప్పించండి. చూడటానికి వచ్చేవాళ్లలో జలుబున్నవాళ్లని గుమ్మం దగ్గరే ఆపండి. మిగతావాళ్లు సబ్బుతో చేతులు కడుక్కుని రావచ్చు, ముద్దులు మాత్రం వద్దు.

బాబు పక్క తడపడం రోగం కాదు. అమ్మ ఉన్నట్టుండి అన్ని రోజులు కనపడకుండా పోతే ఈ వయసువాళ్లు అలాగే చేస్తారు. తిట్టకుండా దుప్పటి మార్చండి. రోజూ ఒక అరగంట మీరు వాణ్ణి ఒంటరిగా బయటికి తీసుకెళ్లండి. ఇంట్లో వాడికో పని ఇవ్వండి, డైపర్ అందించడమైనా సరే.

రెండు వారాలు దాటినా మీ ఆవిడ ఏడుపు ఆగకపోతే, పాప నిద్రపోయినా తను పోలేకపోతే, పాపని ఎత్తుకోవడానికే భయపడుతుంటే, అది బాలింత దిగులని సరిపెట్టుకోకండి. టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మీకు అలా ఉన్నా ఆ నంబరే. చచ్చిపోవాలనో, పాపని ఏదైనా చేయాలనో ఆలోచనలు వస్తే మాత్రం ఫోనుతో సరిపెట్టక అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డిశ్చార్జి కాగితంలో మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) అనో, అమికాసిన్ లేదా జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ వాడామనో ఉందేమో చూడండి. ఉంటే వినికిడి పరీక్ష తప్పనిసరి, ఐసీయూలో ఐదు రోజులు దాటిన పిల్లలకి ఎలాగూ చేయించాలి. జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే కేంద్రంలో వినికిడి, ఎదుగుదల చూస్తారు, డబ్బు కట్టనక్కర్లేదు. పాప నెలలు నిండాక పుట్టి ఉంటే కంటి రెటీనా పరీక్ష గురించి కంగారు అక్కర్లేదు, అది ముఖ్యంగా 34 వారాల లోపు లేదా 2 కిలోల లోపు పుట్టినవాళ్లకి. ఆరు వారాల టీకాలు జబ్బు చేసిందని వాయిదా వేయొద్దు. విటమిన్ డి చుక్కలు రోజుకి 400 ఐయూ. సీసాలు 400వీ ఉంటాయి, 800వీ ఉంటాయి. కొత్త సీసా కొన్నప్పుడల్లా ఒక మిల్లీలీటరులో ఎంత ఉందో చదివి పట్టండి.

ఈ హడావుడిలో జనన నమోదు మరిచిపోయి ఉంటారు. 21 రోజుల గడువు ఇప్పటికే దాటింది. 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుముతో సరిపోతుంది, ఆ తర్వాత అధికారి అనుమతి కాగితం కోసం తిరగాలి. పేరు పెట్టలేదని ఆగొద్దు, పేరు ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. పాప ఏ ఆసుపత్రిలో పుట్టిందో అక్కడ రేపే కనుక్కోండి.